టీవీ బాగుంది, కానీ ముందు గోడ గురించి చెప్పాలి

మా హాల్లో కొత్త టీవీ గోడకెక్కి కొన్ని నెలలైంది. 55 అంగుళాల 4కే టీవీ, లోపల వీఏ రకం ప్యానెల్ (బొమ్మ చూపించే తెర పలక), వెనకాల కాస్త కిందికి వంగే టిల్ట్ మౌంట్. ఇక్కడ మూడింటి గురించి రాస్తున్నాను: టీవీ, మౌంట్, బిగించడానికి వచ్చినవాళ్ళ పని. మూడింటికీ ఒకే మార్కులు పడవు. టీవీకి ఐదుకి నాలుగు. మౌంట్‌కి నాలుగున్నర. బిగింపుకి ఒకటి, అది కూడా వచ్చినవాళ్ళు మర్యాదగా మాట్లాడినందుకు.

కొనేముందు సమీక్షలు చాలానే చదివాను. రంగులు, వెలుగు, స్పీకర్లు, యాప్‌లు, అన్నీ ఉంటాయి. ఆ పదిహేను కిలోల బరువుని ఏళ్ళ తరబడి మోసే నాలుగు బోల్టుల గురించి ఒక్క వాక్యం ఉండదు. నాలుగేళ్ళ మా మేనల్లుడు ఆ టీవీ కిందే బొమ్మ కార్లు తోసుకుంటూ ఆడుకుంటాడు. పైగా నేను చాలా ఏళ్ళు ఇళ్ళ నిర్మాణం పనుల్లో సైట్ సూపర్‌వైజర్‌గా చేశాను. ఏ గోడ ఎంత మోస్తుందో చూడకుండా దానిమీద ఏదైనా వేలాడదీయడం నాకు చేతకాదు. కాబట్టి గోడతోనే మొదలుపెడతాను. టీవీ సైజుని తేల్చింది కూడా గోడే.

మాది ఎర్ర ఇటుక గోడ, పైన రెండు సెంటీమీటర్ల సిమెంటు పూత. కిటికీ అంచు నుంచి స్విచ్ బోర్డు దాకా ఖాళీ 150 సెంటీమీటర్లు. 65 అంగుళాల టీవీ వెడల్పు దాదాపు 144 సెంటీమీటర్లు ఉంటుంది. పడుతుంది కదా అనిపిస్తుంది, కానీ వేడి పోవడానికి చుట్టూ పది సెంటీమీటర్లయినా వదలాలి. 55 అంగుళాలది దాదాపు 122 సెంటీమీటర్లు. రెండు పక్కలా గాలి ఆడుతుంది, స్విచ్ బోర్డు మీద చెయ్యి పడుతుంది, కిటికీ తలుపు తగలదు. తమ్ముడికి 65 కావాలని ఉండేది. టేపు పట్టుకుని గోడ మీద పెన్సిల్‌తో గీసి చూపించాక వాడే ఒప్పుకున్నాడు. మీరు కూడా దుకాణానికి వెళ్ళేముందు పాత వార్తాపత్రికలు అతికించి, టీవీ కొలతకి కత్తిరించి, గోడకి అంటించి చూడండి. దుకాణంలో ఎత్తైన కప్పు కింద చిన్నగా కనిపించే టీవీ ఇంట్లో గోడంతా ఆక్రమిస్తుంది.

తర్వాత కూర్చునే చోటు. సోఫాలో కూర్చున్నవాళ్ళ కంటి నుంచి గోడకి 220 సెంటీమీటర్లు. అంత దూరం నుంచి 55 అంగుళాల తెర దాదాపు 31 డిగ్రీల మేర కనిపిస్తుంది. సినిమా చూడటానికి 30 నుంచి 40 డిగ్రీలు బాగుంటుందని ఈ రంగంలో ఎప్పటినుంచో వాడుకలో ఉన్న లెక్క. తెర కొలతని 1.2తో హెచ్చిస్తే దగ్గరి హద్దు, 1.6తో హెచ్చిస్తే దూరపు హద్దు వస్తాయి. 55 అంగుళాలంటే మూల నుంచి మూలకి 140 సెంటీమీటర్లు, అంటే 168 నుంచి 224 సెంటీమీటర్ల మధ్య కూర్చుంటే సరిపోతుంది. మేము ఆ చివరి అంచున ఉన్నాం.

ఈ దూరం తెలిస్తే ఇంకో మేలు కూడా ఉంది, అనవసరమైన వాటికి డబ్బు పెట్టరు. 55 అంగుళాల 4కే తెరలో అడ్డంగా 3840 చుక్కలుంటాయి, ఒక్కో చుక్క మిల్లీమీటరులో మూడో వంతు. మామూలు చూపున్న మనిషి రెండు మీటర్ల పైన కూర్చుంటే అరమిల్లీమీటరు చుక్కని కూడా విడిగా పట్టలేడు. అలాంటప్పుడు ఇంకా ఎక్కువ చుక్కలుండే 8కే అని ఎవరైనా ఊరిస్తే, ఆ డబ్బుని మంచి బ్యాక్‌లైట్ (తెర వెనక దీపం) ఉన్న 4కే టీవీ మీద పెట్టండి. తేడా కంటికి కనబడుతుంది.

ప్యానెల్ దగ్గర మాత్రం నేను చాలా ఆలోచించాను. ఎల్ఈడీ టీవీల్లో ప్రధానంగా రెండు రకాలు, వీఏ, ఐపీఎస్. వీఏలో నలుపు లోతుగా ఉంటుంది. దాని కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ మధ్య వెలుగు తేడా, మామూలుగా మూడు వేలకి ఒకటి, ఆ పైన. ఐపీఎస్‌లో వెయ్యికి ఒకటి అటూ ఇటూ. కానీ పక్క నుంచి చూస్తే వీఏ వెలిసిపోతుంది, ఐపీఎస్ రంగు నిలుస్తుంది. మీ హాల్లో జనం మూడు వైపులా కూర్చుంటారా, ఎదురుగా ఒకే సోఫా ఉందా అన్నది చూసుకుని తేల్చుకోవాలి. మా ఇంట్లో రాత్రి దీపాలు తగ్గించి ఎదురుగా కూర్చుని చూడటమే ఎక్కువ, అందుకే వీఏ. పక్కన ఉన్న పడక కుర్చీలో కూర్చుంటే మనుషుల ముఖాలు కొంచెం పాలిపోయినట్టు కనిపిస్తాయి, అది నిజం. ఆ కుర్చీ తమ్ముడిది. వాడు ఎప్పుడూ ఫోనే చూస్తాడు కాబట్టి అభ్యంతరం చెప్పలేదు.

ఓఎల్ఈడీ ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. బొమ్మ పరంగా దానికి సాటి లేదు. ప్రతి చుక్కా తనంతట తను వెలుగుతుంది, ఆరితే పూర్తిగా నలుపు, ఏ మూల నుంచి చూసినా రంగు పెద్దగా మారదు. కానీ మా అమ్మ పొద్దున్నుంచి వార్తల ఛానెల్ పెట్టుకుంటుంది. మూలన కదలని లోగో, కింద గంటల తరబడి నడిచే ఎర్ర పట్టీ. ఒకే బొమ్మ ఒకే చోట అన్ని గంటలు వెలిగితే ఓఎల్ఈడీలో ఆ చోటి చుక్కలు తొందరగా అరిగి, దాని నీడ తెర మీద ఉండిపోయే ప్రమాదం ఉంది. సినిమాలు, ఆటలు మార్చి మార్చి చూసే ఇల్లయితే నేను కళ్ళు మూసుకుని ఓఎల్ఈడీయే చెబుతాను. మాది ఆ ఇల్లు కాదు. క్యూఎల్ఈడీ అన్న పేరు చూసి అది కూడా ఓఎల్ఈడీ లాంటిదే అనుకోకండి. అది వెనక దీపం ఉన్న ఎల్‌సీడీయే, రంగుల కోసం మధ్యలో క్వాంటమ్ డాట్ పొర అదనం. అందులో లోకల్ డిమ్మింగ్ (బొమ్మలో చీకటిగా ఉన్న చోట మాత్రమే వెనక దీపాన్ని తగ్గించే ఏర్పాటు) ఉందా, ఎన్ని భాగాలుగా వెలుగు తగ్గుతుంది అన్నదే అడగాల్సిన ప్రశ్న.

బ్రాండు పేరు రాయకపోవడానికి కారణం ఉంది. ఒకే సిరీస్‌లో 43 అంగుళాలకి ఒక రకం ప్యానెల్, 55కి ఇంకో రకం పెట్టడం మామూలే. నేను పేరు రాస్తే మీరు వేరే సైజు కొని వేరే టీవీ తెచ్చుకున్నట్టవుతుంది. సైజుతో సహా మోడల్ నంబర్ చూసి, దాని ప్యానెల్ ఏమిటో అడిగి కొనండి.

ఇక మాకొచ్చిన బొమ్మ. పగటి వెలుగులో వార్తలు చక్కగా కనిపిస్తాయి. రాత్రి చీకటి సన్నివేశాల్లో లోకల్ డిమ్మింగ్ లేని లోటు తెలుస్తుంది, పైనా కిందా వచ్చే నల్ల పట్టీలు పూర్తి నలుపుగా ఉండవు, కాస్త బూడిద రంగు కనిపిస్తుంది. హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాని ఎక్కువగా చూపించే పద్ధతి) అని పెట్టె మీద ఉంది గానీ ఆ వెలుగుని చూపించే శక్తి ఈ తెరకి లేదు. సంకేతాన్ని అందుకుంటుంది, అంతే. ఒక మార్కు అందుకే తగ్గించాను. పెట్టగానే చేయాల్సిన పని ఒకటుంది: దుకాణాల్లో వాడే మెరుపు మోడ్ నుంచి తీసేసి సినిమా మోడ్‌కి మార్చండి. మొదటి రోజు పసుపుగా అనిపిస్తుంది, రెండు మూడు రోజుల్లో కన్ను అలవాటుపడి ముఖాలు ముఖాల్లా కనిపిస్తాయి. కదలికల్ని నునుపు చేసే సెట్టింగు కూడా సినిమాలకి ఆపేయండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీసేది, మధ్యలో టీవీ సొంతంగా ఫ్రేములు కల్పించి దూరిస్తే ఆ నడక పోతుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ అని 2019లో మొదలైంది, మీ టీవీలో ఉంటే ఒక్క నొక్కుతో ఇవన్నీ ఆగిపోతాయి. ఆటల ప్రసారాలకి మాత్రం కొంచెం నునుపు బాగానే ఉంటుంది.

ధ్వని ఫరవాలేదు. స్పీకర్లు కిందికి చూస్తుంటాయి, మాటలు కొంచెం మూసుకుపోతాయి. అమ్మ కోసం మాటల్ని స్పష్టం చేసే మోడ్ పెట్టాను, సరిపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మౌంట్లు మూడు రకాలు: గోడకి అంటిపెట్టుకుని ఉండేది, కొంచెం వంగేది, చెయ్యిలా ముందుకు సాగి పక్కలకి తిరిగేది. మూడోదాన్ని చూస్తే ముచ్చటేస్తుంది. ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. కానీ లెక్క చూడండి. మా టీవీ 15 కిలోలు. దాని బరువు గోడకి పది సెంటీమీటర్ల దూరంలో ఉండి, గోడ ప్లేటులో పై బోల్టులకీ ప్లేటు కింది అంచుకీ మధ్య ఇరవై సెంటీమీటర్లుంటే, పై బోల్టుల్ని గోడలోంచి బయటికి లాగే శక్తి ఏడున్నర కిలోలు. అదే టీవీని చెయ్యి మీద యాభై సెంటీమీటర్లు ముందుకి లాగితే ఆ లాగుడు ముప్పై ఏడున్నర కిలోలవుతుంది. బరువు పెరగలేదు, దూరం పెరిగింది. ఆ స్థితిలో పదిహేను కిలోల పిల్లాడు టీవీ అంచు పట్టుకుని వేలాడితే డెబ్బై అయిదు. మౌంట్ పెట్టె మీద ముప్పై అయిదు కిలోలు మోస్తుందని రాసి ఉంటుంది. అది ఆ ఇనుము సంగతి. గోడ సంగతి ఏ పెట్టె మీదా రాసి ఉండదు. కాంక్రీటు గోడ అయితే తిరిగే మౌంట్ పెట్టుకోండి. పాత ఇటుక గోడ, బోలు దిమ్మెల గోడ, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే నా మాట విని టిల్ట్ మౌంట్‌తో ఆగండి.

టీవీ వెనక నాలుగు రంధ్రాల మధ్య దూరాన్ని వెసా కొలత అంటారు. మాది 300 బై 200 మిల్లీమీటర్లు, ఎం6 మరలు, అంటే ఆరు మిల్లీమీటర్ల మందం. పెద్ద టీవీలకి ఎం8 వస్తాయి. మౌంట్ పెట్టెలో రకరకాల పొడవు మరలు ఇస్తారు, చేతికి దొరికింది వాడకూడదు. పొడవు ఎక్కువైతే లోపలి భాగాలకి గుచ్చుకుంటుంది, తక్కువైతే రెండు చుట్లకే నిలబడుతుంది. ముందు చేత్తో తిప్పి ఎంత లోపలికి పోతుందో చూసి, రంధ్రం లోతుగా ఉంటే స్పేసర్ (మధ్యలో పెట్టే చిన్న గొట్టం) వేసి, మామూలు స్క్రూడ్రైవర్‌తోనే బిగించాలి. డ్రిల్లు మిషన్ అక్కడికి రానివ్వకండి.

మా మౌంట్‌లో నాకు బాగా నచ్చింది కింది తాళం. టీవీ పట్టీలు పైనుంచి గోడ ప్లేటు మీద కొక్కేల్లా తగిలి కూర్చుంటాయి. కింద తాళం లేకపోతే ఎవరైనా కింది అంచు ఎత్తితే మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. దీనికి స్ప్రింగు తాళాలున్నాయి, టక్కుమని పడతాయి, తీయడానికి రెండు తాళ్ళు కిందికి వేలాడతాయి. ఆ తాళ్ళు మా మేనల్లుడి చేతికి అందే ఎత్తులో ఉన్నాయి. వాటిని పైకి మడిచి టీవీ వెనక అంటించేశాను. తయారుచేసినవాళ్ళే అక్కడ ఒక చిన్న కొక్కెం ఇచ్చి ఉండాల్సింది. అర మార్కు దానికే తగ్గింది.

బిగించే రోజు సంగతి. టీవీతో పాటు ఉచితంగా వచ్చిన సేవ అది. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, ఒకరి చేతిలో డ్రిల్లు, ఇంకొకరి చేతిలో ఫోను. కొలత టేపు లేదు, రసమట్టం లేదు. టీవీ కింది అంచు 140 సెంటీమీటర్ల దగ్గర రావాలని గీత గీశారు. అంత ఎత్తు ఎందుకని అడిగితే, "అందరూ ఇంతే పెట్టుకుంటారు మేడమ్, నిలబడి చూస్తే అందంగా ఉంటుంది" అన్నాడు పెద్దవాడు. టీవీని కూర్చుని చూస్తాం. అమ్మ సోఫాలో కూర్చుంటే ఆమె కన్ను నేల నుంచి 108 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. వాళ్ళు గీసిన చోట పెడితే తెర పై అంచు చూడటానికి ఆమె దాదాపు పాతిక డిగ్రీలు చూపు ఎత్తాలి. మెడనొప్పికి బెల్టు పెట్టుకునే మనిషి ఆమె. చివరికి తెర మధ్య భాగం 118 దగ్గర వచ్చేలా నేనే గీసిచ్చాను. కింది అంచు 84 దగ్గర ఉంది. పిల్లాడికి అందుతుంది, అందుకే ఆ తాళం గురించి అంతలా చెప్పాను. ఎక్కడానికి వీలు లేకుండా కింద బల్ల కూడా పెట్టలేదు.

డ్రిల్లు పెట్టబోయిన చోటు సరిగ్గా స్విచ్ బోర్డుకి అడ్డగీతలో ఉంది. గోడ లోపల వైరింగు ఉన్న ఇళ్ళల్లో బోర్డు నుంచి పైకీ కిందికీ, ఒక్కోసారి అడ్డంగా పైపులు వెళ్తాయి. ఆ గీతల్లో రంధ్రం వేయకూడదు. ఆపి, వైర్ల జాడ చూపించే డిటెక్టర్‌తో వెతికి, ఆ గది ఎంసీబీ (కరెంటు ఆపే మెయిన్ స్విచ్చు) దించేసి, డ్రిల్లుకి పక్క గది నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగించాను. గోడ అవతల స్నానాలగది ఉంటే నీళ్ళ పైపుల సంగతి కూడా ఇలాగే చూసుకోవాలి.

రెండో రంధ్రం దగ్గర అసలు తప్పు జరిగింది. బిట్టు అదిరి రంధ్రం పెద్దదైంది, బోల్టుని పట్టుకోవడానికి లోపల దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గు వేస్తే గుండ్రంగా తిరుగుతోంది. ఆ కుర్రాడు జేబులోంచి అగ్గిపుల్లలు తీసి ప్లగ్గు పక్కన కుక్కడం మొదలుపెట్టాడు. "ఏం కాదు మేడమ్, ఎన్నో ఇళ్ళల్లో ఇలాగే బిగించాం" అన్నాడు. అక్కడితో వాళ్ళకి దండం పెట్టి పంపేశాను. అగ్గిపుల్ల ఆ రోజుకి బిగుతుగానే ఉంటుంది. పుల్ల ఎండుతుంది, నలుగుతుంది, టీవీని వంచిన ప్రతిసారీ బోల్టు కాస్త కాస్త కదులుతుంది. కింద పిల్లాడుంటాడు. నాకు కోపం ఆ కుర్రాళ్ళ మీద లేదు. వాళ్ళకి టేపు కూడా ఇవ్వకుండా, పని నేర్పకుండా, ఒక్కరోజులో అన్ని ఇళ్ళు తిప్పుతున్న సంస్థ మీద ఉంది.

మిగతా పని నాతో సైట్లలో చేసిన పాత మేస్త్రి వచ్చి పూర్తిచేశాడు. ఆయన పద్ధతి రాస్తాను, ఎవరితో చేయించుకున్నా మీరు పక్కన నిలబడి చూసుకోవడానికి పనికొస్తుంది. పెట్టెలో వచ్చిన ప్లగ్గులు అయిదు సెంటీమీటర్లవి. మా గోడకి రెండు సెంటీమీటర్ల పూత ఉంది, పూత బరువు మొయ్యదు, అంటే ఇటుకలో నిలిచేది మూడే సెంటీమీటర్లు. ఆయన ఎనిమిది సెంటీమీటర్ల ప్లగ్గులు, దానికి తగ్గ పొడవు బోల్టులు తెచ్చాడు. పదో నంబరు ప్లగ్గుకి పది మిల్లీమీటర్ల బిట్టే, అంతకి మించి వద్దు. బిట్టుకి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టాడు, ప్లగ్గు కన్నా ఒక సెంటీమీటరు ఎక్కువ. డ్రిల్లు దిగుతుంటే రాలే పొడి రంగు చూశాడు. మొదట బూడిద రంగు, అది పూత. తర్వాత ఎరుపు వస్తే ఇటుక తగిలినట్టు. బూడిద రంగే కొనసాగితే రెండు ఇటుకల మధ్య అతుకులో పడ్డట్టు, అక్కడ ప్లగ్గు నిలవదు, చోటు మార్చాలి. మౌంట్ ప్లేటుకి పొడవాటి రంధ్రాలు ఉండేది అందుకే. తర్వాత రంధ్రంలోని పొడి మొత్తం ఊదేశాడు, పొడి మీద ప్లగ్గు వేస్తే పట్టు రాదు. పాడైన రంధ్రాన్ని వదిలేసి, ఒక చేతి వెడల్పు పక్కకి జరిగి కొత్తది వేశాడు. ప్లేటు బిగించాక రసమట్టం పెట్టి చూసి, రెండు చేతులతో పట్టుకుని తన బరువంతా వేసి లాగాడు. పూతలో వెంట్రుకంత బీట కూడా రాలేదు. అప్పుడే టీవీ పెట్టె తెరవనిచ్చాడు.

టీవీని ఇద్దరు ఎత్తాలి, నిలువుగానే మొయ్యాలి, అంచులు పట్టుకోవాలి. తెర మీద అరచెయ్యి ఒత్తితే లోపల పగుళ్ళు వస్తాయి, వాటికి వారంటీ ఉండదు. వైర్లు ఎక్కించాకే తగిలించండి, తర్వాత చెయ్యి దూరదు. కొనేటప్పుడే హెచ్‌డీఎంఐ రంధ్రాలు పక్కకి తిరిగి ఉన్నాయా అని చూసుకోండి. నేరుగా వెనక్కి ఉంటే వైరు మొన గోడకి తగిలి వంగిపోతుంది. మా టీవీకి మూడూ పక్కకే ఉన్నాయి, సంతోషం. కరెంటు తీగ మాత్రం పొట్టిది, పక్కనే ఎర్తింగు ఉన్న మూడు పిన్నుల సాకెట్ కొత్తగా పెట్టించాల్సి వచ్చింది. టీవీతో వచ్చిన ఆ తీగని గోడలో పూడ్చకూడదు, బయట ప్లాస్టిక్ పట్టీలోంచి తీసుకెళ్ళండి.

ప్లేటు పై అంచున గోడ మీద సన్నగా పెన్సిల్ గీత గీసి ఉంచాను. అప్పుడప్పుడు టార్చి వేసి చూస్తాను, ప్లేటు ఆ గీత నుంచి కిందికి జారలేదు. టిల్ట్ మరలు మాత్రం ఒకసారి కొద్దిగా వదులైతే బిగించాను.

మీ గోడ జిప్సం బోర్డుదైతే పైన చెప్పిన ప్లగ్గులేవీ పనికిరావు. బోర్డు వెనక నలభై లేదా అరవై సెంటీమీటర్లకొకటి చొప్పున నిలువు ఫ్రేము ఉంటుంది, బోల్టులు దాంట్లోకే దిగాలి. తేలికపాటి ఏఏసీ దిమ్మెల (లోపల గాలి బుడగలుండే సిమెంటు దిమ్మెలు) గోడకి వాటికోసమే చేసిన ప్లగ్గులు దొరుకుతాయి, డ్రిల్లులో సుత్తి దెబ్బ ఆపేసి రంధ్రం వేయాలి. అద్దె ఇంట్లో గోడ ఏమిటో తెలియక, యజమాని అనుమతి లేక ఇబ్బందైతే టీవీని వెడల్పాటి బరువైన బల్ల మీద స్టాండుతోనే పెట్టుకోండి. ఆ స్టాండుకీ బల్లకీ మధ్య ముందుకి పడకుండా ఆపే నైలాన్ పట్టీ తప్పకుండా బిగించండి.